బొగ్గుపులుసు మాట కోసం ఆళ్లగడ్డ దాకా

ఊళ్లు చూడ్డానికి కాదు, ఒకావిడకు క్షమాపణ చెప్పుకోవడానికి ఈ ప్రయాణం పెట్టుకున్నాను. సిమెంటు ఫ్యాక్టరీల పొగలోంచి కార్బన్ డయాక్సైడును పట్టి, భూమి లోతున రాతి పొరల్లో దాచవచ్చా అని ఒక సంస్థ ఆళ్లగడ్డ వైపు పరిశీలన మొదలుపెట్టింది. వాళ్ల కరపత్రాన్ని తెలుగు చేసింది నేనే. అందరికీ తెలిసిన పేరు రాస్తే సరిపోయేదానికి, పాత పాఠ్యపుస్తకాల్లోని ‘బొగ్గుపులుసు వాయువు’ను వెతికి తెచ్చి మరీ పెట్టాను. ఊరి సభలో మైకు కూడా నాకే ఇచ్చారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే రూతమ్మ లేచి, “ఈ బొగ్గుపులుసును లోపలికి పంపిస్తే రాయిని తినదా సార్?” అని అడిగింది. “అమ్మా, ఇది మీరు వండే పులుసు కాదు” అన్నాను. సభంతా గొల్లున నవ్వింది. ఆమె కూర్చుంది. ఏదో ఘనకార్యం చేసినట్టు నేనూ నవ్వాను.

వారం తర్వాత ఈ సంగతిని ఆ సంస్థలోని భూగర్భ శాస్త్రవేత్తకు సరదాగా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ వాయువు నీళ్లలో కలిస్తే నీళ్లు పులుపెక్కుతాయట, ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుందట. పైన మూతలా ఉండే రాతిపొర దాన్ని తట్టుకుంటుందా లేదా అన్నదే వాళ్లు మొదట తేల్చాల్సిన ప్రశ్నట. సిగ్గుతో చచ్చిపోయాను.

గుంటూరు నుంచి రైల్లో ముందురోజు సాయంత్రమే నంద్యాల చేరి, బస్టాండు దగ్గర తొమ్మిది వందలకు గది తీసుకున్నాను. మీరూ అలాగే చేయండి, పొద్దున తీరిగ్గా ఉంటుంది. బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిందామని కూర్చున్నాను కానీ సగం వదిలేసి లేచాను. ఎనిమిదింటి బస్సెక్కితే శిరివెళ్ల మీదుగా గంటంపావులో ఆళ్లగడ్డ. టికెట్టు డెబ్బై లోపే. అక్కడ రోడ్డు పక్కన శిల్పుల షెడ్లలో ఉలి చప్పుళ్లు వింటూ కాసేపు నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ముందుకు పోవడానికి భయమేసి నిలబడ్డాను.

దొర్నిపాడు దారిలో, సభ జరిగిన ఊరికి షేర్ ఆటో ముప్పై రూపాయలు. “యాడికి పోవల్లన్నా?” అన్నాడు డ్రైవరు. బడికి, వంట చేసే రూతమ్మ కోసం అన్నాను.

“ఓ, పులుసు రూతమ్మనా! మొన్న మీటింగులో ఎవడో మైకు పట్టుకోని ఆయమ్మను నవ్వులపాలు జేసినాడులే. అప్పట్నుంచి పిల్లోళ్లు గూడా అట్లనే పిలుస్తాండారు.”

“అలాగా,” అన్నాను. ఆ ఎవడో నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. దిగేటప్పుడు చిల్లర కూడా అడక్కుండా గబగబా నడిచాను.

పదకొండు కావస్తోంది. రూతమ్మ పొయ్యి దగ్గర ఉంది. నన్ను గుర్తుపట్టి గరిటె పక్కన పెట్టింది. వంటగది అరుగు నల్లటి నాపరాయి, అదీ సున్నపురాయి జాతే. అక్కడక్కడా మెరుగు పోయి, తెల్లగా గరుకుదేలి ఉంది.

“సూడు సార్. చింతపులుసు ఒలికితే రాయి ఇట్లయితాది. ఈడ తినేది లోపల తినకుండా ఉంటాదా అని అడిగితి. అంతే.”

వరండాలో హెడ్మాస్టరు, ఇద్దరు టీచర్లు కూర్చుని ఉన్నారు. వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి, “తప్పు నాదేనమ్మా. మీరడిగింది సరైన ప్రశ్న. క్షమించండి,” అన్నాను.

ఆమె నా వైపు చూసింది, తర్వాత వరండా వైపు చూసింది.

“ఆ పొద్దు మైకులో అంటివి. ఈ పొద్దు చెవిలో చెప్తాండావేందప్పా?”

వరండాలోకి వెళ్లి నాలుగు మాటలు గట్టిగా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. పిల్లలకు అన్నం వేళవుతోందని ఆమె మళ్లీ గరిటె అందుకుంది. నేను రోడ్డెక్కాను.

తిరుగు బస్సులో ఆమె మాటే చెవిలో మోగుతూ వచ్చింది. క్షమాపణ చెప్పడానికి ఇంత దూరం వెళ్లి, అక్కడా నా పరువే చూసుకున్నాను. ఈ బ్లాగు ఆ ఊళ్లో ఎవరూ చదవరు కాబట్టి ఇది రాయడమూ చెవిలో చెప్పడమే. నెలాఖరున అక్కడ రెండో సభ ఉంది. మొదటి రెండు నిమిషాలు మైకు నాకివ్వమని అడిగాను, ఇస్తామన్నారు.

ఇలాంటి సభలకు వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. చివర్లో సంతకాల కాగితం వచ్చినప్పుడు, మీరడిగిన ప్రశ్న అందులో ఉందో లేదో చదివించుకుని విన్నాకే సంతకం చేయండి. ఆ రోజు సభ వివరాలు రాసింది కూడా నేనే. రూతమ్మ ప్రశ్నను అందులో రాయలేదు. పేజీ అడుగున ఎక్కడ సంతకం పెట్టాలో ఆమెకు నేనే వేలితో చూపించాను.