కృష్ణయ్య రాజీ కాయితాలు

హైటెక్ సిటీ కొలువులవాళ్లు మొయినాబాద్ చుట్టూ ఫాంహౌసులు కొంటున్న రోజుల్లో ఆ పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ ఊళ్లో కృష్ణయ్య అంత తీరికలేని మనిషి ఇంకొకడు లేడు. పొద్దున ప్లాట్ల బేరం, సాయంత్రం ఆలుమగల పంచాయితీ. దెబ్బలు తిన్న ఆడమనిషి స్టేషన్ మెట్టెక్కిందని తెలిస్తే చాలు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాలిపోయేవాడు. మొగుణ్ని నలుగురిలో నాలుగు తిట్టి, ఇక కొట్టనని రాజీ కాయితం రాయించి, కింద సాక్షిగా తన సంతకం గీకి, ఇద్దర్నీ ఒకే ఆటో ఎక్కించేవాడు. ఇరవై ఏళ్లుగా ఊరి మీద ఒక్క కేసు పడనివ్వలేదని చెప్పుకోవడం ఆయనకు మహా సరదా. దెబ్బలు ఆగాయా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయనా ఎవర్నీ అడగలేదు.

ఆ ఏడాది స్టేషన్‌కు కొత్త సీఐగా రమ మేడం వచ్చింది. అదే వారం సక్కుబాయి చేవెళ్ల దవాఖానలో విరిగిన చేతికి కట్టు కట్టించుకుని, నేరుగా వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"నేనెన్నడు చెయ్యి లేపలే మేడం. బాయికాడ జారి పడ్డది" అన్నాడు ఆమె మొగుడు గోవర్ధన్.

"గింతదానికి కేసెందుకు మేడం, నేనున్న గద! ఎన్ని రాజీలు చేసిన్నో లెక్కలేదు" అన్నాడు కృష్ణయ్య.

"అట్లనా? జర తెచ్చి చూపించున్రి" అంది మేడం.

కృష్ణయ్య ఉబ్బితబ్బిబ్బైపోయాడు. ఇన్నేళ్లలో ఏ సారూ ఆయన పనితనం చూస్తానని అడిగిన పాపాన పోలేదు మరి. స్కూటరేసుకుని ఇంటికి ఉరికి, పాసుబుక్కులతో పాటు బీరువాలో దాచిన కట్టను తెచ్చి బల్ల మీద పరిచాడు.

"గోవర్ధన్‌వే ఏడు కాయితాలున్నయి మేడం. ఏడుసార్లు కొట్టిండు, ఏడుసార్లు నేనే కలిపిన!"

అన్నాక గానీ తానేమన్నాడో తట్టలేదు. గోవర్ధన్ కొరకొరా చూశాడు. మేడం సక్కుబాయి ఫిర్యాదు రాయించి, ఆ ఏడు కాయితాలూ దానికి జతచేసి, "వీటికి సాక్షి మీరే గద. వాంగ్మూలం రాపిస్త, సంతకం పెట్టున్రి" అంది.

కృష్ణయ్య బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. సంతకం పెడితే ఇరవై ఏళ్ల పేరు గంగలో కలిసినట్టే. సక్కుబాయి వైపు తిరిగి, "జర ఆలోచించు చెల్లె" అని నసిగాడు.

"ఏడుసార్లు నువ్వు చెప్తే ఇంటికి పోయిన, అన్నా" అంది సక్కుబాయి. "ఒక్కసారి నేను చెప్తున్న. పెట్టు."

అన్నిసార్లు రాజీ చేసిన మనిషి ఆమె మొహాన్ని సరిగ్గా చూడటం అదే మొదటిసారి. కృష్ణయ్యకు సిగ్గేసింది. పెన్ను ఇమ్మని చెయ్యి చాపాడు.