కుడిచేతి వేలి సిరా

ఎన్నికల సిరా గోరు పెరిగేకొద్దీ కొన్నాళ్లకు పోతుంది. నా కుడిచేతి చూపుడువేలి మీద పడ్డ చుక్క కూడా అట్లాగే పోయింది. దాని బరువు మాత్రం పోలేదు. ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీతో చెప్పగలుగుతున్నాను.

ఓటేసినవాళ్లకు ఎడమచేతికి పూస్తారు. నాకు ఆరోజు రెండు చేతులకూ పూశారు. ఎడమచేతి చుక్క నా ఓటుది, కుడిచేతిది మా పెద్దమ్మ ఓటుది. ఆమెకు చూపు లేదు. చూపు లేనివాళ్లు ఒకరిని తోడు తీసుకెళ్లి, వాళ్లచేత మీట నొక్కించుకోవచ్చు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. రాచర్ల దగ్గర మా ఊళ్లో పక్కపక్క ఇళ్లు. కూలికి పోయి, మేకలు కాచి, కళ్లు పోయేదాకా ఒళ్లు వంచిన మనిషి. అమ్మ పొలానికి పోతే నాకు అన్నం కలిపి పెట్టింది ఆమే. నేను గిద్దలూరులో డిగ్రీ చదివి, రోజూ ఊరినుంచే పోయి వస్తూ అక్కడే బట్టలు కుట్టే దుకాణంలో పనికి కుదిరాను. చదువుతో పాటు నోరూ పెరిగింది.

ఆ ఎన్నికల్లో నిలబడ్డవాళ్లు చాలామందే. గెలిచే మొహాలు మాత్రం రెండే. ఒకాయన కిందటిసారి వేసుకున్న కండువా ఈసారి రెండో ఆయన మెడలో ఉంది. ఇద్దరూ ఒకే తాను ముక్కలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా ఓటు నోటాకే, ఆ ఇద్దరిలో ఎవరూ నాకు వద్దు అని వీధంతా చాటాను. నా ఓటు నా ఇష్టం, దానికి ఇప్పటికీ చింత లేదు.

ఓటుకు పోతూ ఆటోలో పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఏ గుర్తు నొక్కాలో చెప్పింది.

“వాడు మాత్రం మంచోడా పెద్దమ్మా?” అన్నాను.

“మంచోడని ఎవరు చెప్పినారు పాపా? ఇద్దరిలో వీడు పిలిస్తే పలుకుతాడు. రెండోవాడు కారు అద్దం గూడా దించడు.”

“ఎవరికేసినా మన వీధికి నీళ్ల ట్యాంకరొచ్చేది లేదులే.”

“రాకుంటే నిలేస్తా. ఓటేసినదానికే గదా అడిగే నోరుండేది. నాకుండేది అదొక్కటే. జాగర్తగా నొక్కు తల్లీ.”

లోపల ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. ఆమె చెప్పిన గుర్తు కనబడింది. వేలు అక్కడిదాకా పోయింది కూడా. మరి ఏమైంది నాకు? గుర్తు పక్కనున్న ఆ మొహం చూడగానే ఒళ్లు మండింది. ఈ మొహానికి మా పెద్దమ్మ ఓటు కూడానా అనుకున్నాను. వేలు అట్టడుగుకు దించి నోటా నొక్కాను. మిషను కుయ్యిమంది. ఏ మీట నొక్కినా అట్లాగే కుయ్యిమంటుంది కదా.

“పడిందా పాపా?”

“పడింది పెద్దమ్మా.”

ఆమె ఓటు రహస్యంగా ఉంచుతానని లోపలికి పోయేముందు అధికారి ముందు సంతకం చేశాను. ఆ మాట తప్పలేదు. ఆమెకు కూడా తెలియకుండా దాచాను.

ఆమె చెప్పినాయనే గెలిచాడు. ఆమె ఓటు లేకుండానే గెలిచాడు, ఇంక పోయిందేముంది అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పోయిందేమిటో ఆయన మా ఊరికి వచ్చిన రోజు తెలిసింది. పెద్దమ్మ నా భుజం పట్టుకుని జీపుకు అడ్డంగా నిలబడింది.

“నాయనా, నీకు ఓటేసినదాన్ని. నమ్మకుంటే ఈ పాపనడుగు, ఈమె చేతనే వేయించినా. మా వీధికి ట్యాంకరెందుకు రాదు?”

ఆయన నావైపు చూశాడు. నేను తలూపాను. ఊపక ఏం చేస్తాను?

ఆ వారంలోనే ట్యాంకరు మా వీధికి వచ్చింది. ఆ నీళ్లు నేనూ తాగాను. ఆదివారం చర్చిలో పెద్దమ్మ, “నా ఓటు పాడు గాకుండా వేయించిన ఈ బిడ్డను దీవించు ప్రభువా” అని గట్టిగా ప్రార్థన చేసింది. ఆ తర్వాత కూడా చాలా ఆదివారాలు చేసింది. నేను తల వంచుకుని ఆమేన్ అనేదాన్ని. ప్రభువుకు తెలియకుండా ఉంటుందా? ఆయన కూడా ఆమెతో చెప్పలేదు.

ఆ ఇద్దరి మీద నా కోపం ఎందుకు? మమ్మల్ని అడగకుండా మా తరఫున వాళ్లే అన్నీ తేల్చేస్తారని. మరి నేను చేసిందేమిటి? అడిగి, ఆమె జవాబు చెవులారా విని కూడా, ఆమె తరఫున నేనే తేల్చేశాను. వాళ్లకన్నా నేనే ఒక ఆకు ఎక్కువ చదివాను.

పోయిన వానాకాలంలో పెద్దమ్మ కన్నుమూసింది. ఇప్పుడు ట్యాంకరు రాకపోతే వీధిలో ఆడవాళ్లు నన్ను ముందుకు తోస్తారు, నువ్వు పోయి అడుగు అని. పోయి అడుగుతాను. ఆమె మాటలే నా నోట వస్తాయి. నాకు అన్నం పెట్టింది, నన్ను తన కళ్లనుకుని నమ్మింది, పోతూ పోతూ ఆ నోరు కూడా నాకే ఇచ్చిపోయింది. ఆమె రుణం తీర్చుకోలేనిది. ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మొన్నటి ఎన్నికల్లోనూ రెండు మొహాలే. ఇద్దరిలో పిలిస్తే పలికేది ఎవరా అని ఆలోచించి నొక్కాను. అది నా ఓటే. పెద్దమ్మది తిరిగి రాదు.

పెద్దమ్మా, ఆరోజు నీ ఓటు నువ్వు చెప్పిన గుర్తుకు పడలేదు. నేనే వెయ్యలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. చెప్పడానికి ఉంది. చెప్పాను.