మక్తల్ నుంచి మోత్కూరుకు ఒడిబియ్యం

మల్లప్పకు దూరాలు కిలోమీటర్లలో తెలియవు. మక్తల్ దాపులోని తమ ఊరి నుంచి నల్లగొండ జిల్లా దాకా ముప్పై రెండు వేసవులు గొర్రెల మందను తోలుకొని నడిచిన మనిషి. దారిలో మంద ఎన్ని రాత్రులు పండుకొంటే అంత దూరం, అదే ఆయన లెక్క. జడ్చర్ల నాలుగో మంద. కల్వకుర్తి ఆరో మంద. నల్లగొండ పక్కన పానగల్ పొలాలు పన్నెండో మంద. కోతలైన మడిలో ఒక రాత్రి గొర్రెలను నిలిపితే ఆ నేలకు ఎరువు దక్కేది. కాపరికి రైతు ఇంటి నుంచి గటక, అంబలి, ఎప్పుడైనా ఒక చుట్టరికం దక్కేవి. ఆయన చెల్లెలు లక్ష్మీనర్సమ్మకు మోత్కూరు బుచ్చయ్యతో పెండ్లి కుదిరింది అట్లాంటి మడిలోనే.

మంద ఉన్నన్నాళ్లు ప్రతి వేసవి చెల్లెలిని చూసివచ్చేవాడు. మోకాళ్లు మొరాయించగా తొమ్మిదేండ్ల కింద గొర్రెలను అమ్మినాడు. అప్పటినుంచి ఆ తొవ్వ తొక్కలేదు. ఐదేండ్లకోసారి పుట్టింటివారు ఆడబిడ్డ ఒడిలో పోయవలసిన ఒడిబియ్యం ఒక విడత కరోనాలో తప్పింది; ఆ తరువాత ‘వచ్చే ఏడు, వచ్చే ఏడు’ అనుకొంటూనే కాలం గడిచింది.

వైశాఖంలో ఒకనాడు మేనల్లుడు విజేందర్ ఫోన్ చేసినాడు.

“మామా, బాపును దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినం. ఇంట్లనే మంచిగ చూసుకోండ్రి అన్నరు. అమ్మ ఏమంటలేదు గని, పాత పెట్టె తీసి ఒడిబియ్యం చీర చూసుకుంటాంది.”

మల్లప్ప ఫోన్ పెట్టివేసినాడు. ఒడిబియ్యం పుణ్యస్త్రీకే పోస్తారు. బుచ్చయ్య కన్నుమూస్తే లక్ష్మీనర్సమ్మ ఒడి ఇక ఎన్నటికీ నిండదు. ఆ మాట ఇంటిల్లిపాదికీ తెలుసు. పంచాంగం చూసే అయ్యగారిని అడిగితే ఎల్లుండి నుంచి మూఢమనీ, పోస్తే రేపే పోయవలెననీ, దీపాలు పెట్టినాక మాత్రం పోయరాదనీ చెప్పినాడు.

మరునాడు కొడుకు నాగేందర్ తన కిరాయి కారుకు ఆనాటి బేరాలు మానుకొని పొద్దుటే తీసినాడు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం మూట కాళ్ల దగ్గర ఉండరాదు గనుక మల్లప్ప భార్య పుష్పమ్మ దానిని తన పక్కన సీటు మీద కూర్చోబెట్టింది. కోడలు శైలజ, మనుమరాలు మనస్విని వెనుకసీటులో చీరలపెట్టె పక్కన ఇరుక్కొన్నారు.

“అత్తమ్మా, బియ్యం కాళ్లు చాపుకొని కూసున్నయి, మేము మూటలెక్క ఉన్నం” అన్నది శైలజ.

“నీకు పోసిననాడు నీ బియ్యం గూడ గిట్లనే కూసున్నయి తియ్యి” అన్నది పుష్పమ్మ.

దేవరకద్ర దాటకముందే మనస్వినికి వాంతులైనాయి. జడ్చర్ల కూడలిలో లారీల వెనుక అరగంట నిలువవలసి వచ్చింది. అయినా మల్లప్ప ముఖం వెలిగిపోతూనే ఉన్నది. తొమ్మిదేండ్ల తరువాత చూస్తున్న గుట్టలను వేలితో చూపుతూ, ఎక్కడ తోడేలు పడ్డదో, ఏ బండ కింద ఎండలోనూ నీరు ఊరేదో మనుమరాలికి చెప్పసాగినాడు.

“తాతా, అది గుట్ట కాదు, క్వారీ” అన్నది మనస్విని.

కల్వకుర్తి దాటినాక ఒక వేపచెట్టు కింద రొట్టెలు తిని బయలుదేరేసరికి పన్నెండు గంటలైంది. అక్కడే మల్లప్ప కొడుకు భుజం తట్టినాడు.

“గీ డాంబరు రోడ్డు పెద్ద సుట్టు తిరుగుతది నాగేందరూ. ఎడమకు మలుపు. వాగు దాటితే ఒక మంద దూరం తగ్గుతది.”

“ఫోన్ల సీదా పొమ్మంటుంది, తాతా” అన్నది మనస్విని.

“ఫోను ఎన్నిసార్లు నడిచిందమ్మా గీ తొవ్వ?”

నాగేందర్ ఒక్క క్షణం తటపటాయించినాడు. తండ్రి ఆ దారిన ముప్పై రెండుసార్లు పోయిన సంగతి గుర్తుకువచ్చి ఎడమకు తిప్పినాడు. తారు పోయి మొరం, మొరం పోయి మట్టి వచ్చినాయి. గంట తరువాత దారి తిన్నగా నీళ్లలోకి దిగిపోయింది. కనుచూపు మేర నీరే. దూరాన రెండు తాటిచెట్ల తలలు మాత్రం తేలియాడుతున్నట్లు కనిపించినాయి.

ఒడ్డున మేకలు కాస్తున్న ముసలామె ఉప్పలమ్మ కారును వింతగా చూసింది.

“యాడికి పోతరు పెద్దయ్యా?”

“వాగు దాటి దేవరకొండ దిక్కు.”

“వాగా? ప్రాజెక్టు కట్టి నాలుగేండ్లాయె, వాగు మునిగె, మా ఊరు మునిగె. ఏ కాలం సంది వస్తున్నవయ్యా నువ్వు? తొవ్వ అడుగను గూడ మనిషి దొరకలేదా నీకు?”

మల్లప్ప కారు దిగి నీటి అంచు దాకా నడిచి నిలుచున్నాడు. ఆ నీటి అడుగున ఆయన ఏడో మంద, ఎనిమిదో మంద ఉన్నాయి. పచ్చిక, నీరు, నీడ చూసి గొర్రెల కోసం ఏరుకొన్న దారి అది; కారుకు ఆ మూడింటితోనూ పని లేదని ఆయనకు అప్పుడు తోచింది.

“గొర్లకు చూపినట్టు కారుకు తొవ్వ చూపితివి” అన్నది పుష్పమ్మ. అన్న వెంటనే మగని ముఖం చూసి, “రా, ఎక్కు. ఎండల నిలవడకు” అని చెయ్యి పట్టుకొన్నది.

తిరుగుదారిలో తుమ్మముల్లు దిగి టైరు గాలి పోయింది. డిక్కీలోని అదనపు టైరు కూడా సరిగా లేక, దానిని బాగుచేయించి మళ్లీ తారురోడ్డు ఎక్కేసరికి మూడున్నర దాటింది. నాగేందర్ బండి వేగం పెంచినాడు. దేవరకొండ దాటినాక మల్లప్ప అడిగినాడు.

“ఇంకెంత ఉన్నది బిడ్డా?”

“కిలోమీటర్లల్ల చెప్పాల్నా, మందలల్ల చెప్పాల్నా?” అన్నాడు నాగేందర్. తండ్రి తల వంచుకోవడం చూసి గొంతు తగ్గించి, “పొద్దు గూకినంకనే అందుకుంటం నాయినా. అత్తకు ఫోన్ చెయ్యి” అన్నాడు.

చెల్లెలి గొంతు వినగానే మల్లప్ప ఉన్నమాట చెప్పివేసినాడు. “నర్సూ, తప్పు నాదే. నేనే తొవ్వ తప్పిచ్చిన. దీపాలు పెట్టే యాళ్ల దాటుతదేమో.”

“మెల్లగ రాండ్రి అన్నా. పిల్లలు బండిల ఉన్నరు. ఇంటికాడి సంగతి నేను చూసుకుంట.”

మోత్కూరు చేరేసరికి వీధిదీపాలన్నీ వెలిగినాయి. ప్రతి ఇంటి కిటికీలోనూ వెలుతురు ఉన్నది. చివరి ఇల్లొక్కటే చీకటిగా ఉన్నది. ఆ చీకటిని చూసి, బావకు ఏమైనా అయిందేమోననుకొన్నాడు మల్లప్ప. కారు ఆగకముందే తలుపు తీయబోయినాడు.

విజేందర్ గుమ్మంలో ఎదురైనాడు. “ఫికర్ చెయ్యకు మామా, బాపు మంచిగనే ఉన్నడు. అమ్మనే కరెంటు బుగ్గ వెయ్యనిస్తలేదు. దేవునికాడ గూడ వత్తి ముట్టియ్యలే. మామ వచ్చి పోసేదాక మా ఇంట్ల దీపాలు పెట్టే యాళ్ల కాలేదు అంటాంది.”

వాకిట్లో పీటల మీద లక్ష్మీనర్సమ్మ పెండ్లికూతురి వలె చీర సవరించుకొని కూర్చొని ఉన్నది. ఆమె పక్కన బుచ్చయ్యను దిండ్లు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టినారు. ఆకాశాన మిగిలిన వెలుతురుకు మనుషుల రూపులే తప్ప ముఖాలు ఆనలేదు. మనస్విని సహాయం చేయబోయి ఫోనులో లైటు వేసింది.

“ఆర్పు బిడ్డా. అది గూడ దీపమే” అన్నది లక్ష్మీనర్సమ్మ.

పుష్పమ్మ తడుముకొంటూ ఆడబిడ్డకు బొట్టు పెట్టింది. మల్లప్ప మూట విప్పి, మోకాళ్లు సహకరించకపోయినా నేల మీద కూర్చొని దోసిళ్లతో బియ్యం పోయసాగినాడు. మూడో దోసిలి దగ్గర చేతులు ఆగిపోయినాయి.

“తొమ్మిదేండ్లు రాకపోతిని నర్సూ.”

“వచ్చినవు గద. పొయ్యి.”

“బావా, జర జల్ది కానియ్యి” అన్నాడు బుచ్చయ్య సన్నని గొంతుతో. “నీ చెల్లె బుగ్గ బందు పెట్టినకాడి నుంచి దోమలు నన్ను పీక్కతింటున్నయి.”

చీకట్లో అందరూ నవ్వినారు. మల్లప్ప ఐదో దోసిలి పోసి, చెల్లెలి కొంగు ముడివేసి, ఆ ముడి మీద అరచేయి ఆనించి చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.