బ్రోనా పేరు మీద విడుదలైన చెక్క

మా ఆర్మా సరిహద్దు పల్లెల్లో వంపు కర్రతో బంతి కొట్టే హర్లింగ్ ఆట ఆడేవాళ్లకు కర్ర కావాలంటే మెక్‌ఆర్డల్ వాళ్ల షెడ్డుకే రావాలి. కర్ర చెక్కేది బ్రోనా. చెక్క తెప్పించేది ఆమె అన్న ఫియక్రా. పక్క షెడ్డులో తలుపులు చేసుకుంటూ నేను ఆమె పని చూస్తూ వచ్చాను. చెక్కిన కర్రను మోకాలికి ఆనించి వంచేది. స్ప్రింగులా వెనక్కి ఎగరకపోతే పక్కన పడేసేది.

బ్రిటన్ యూరప్ నుంచి విడిపోయాక, ఇంగ్లండ్ నుంచి ఓడలో మాకొచ్చే సరుక్కి, మేమూ బ్రిటన్ పాలనలోనే ఉన్నా, కస్టమ్స్ నంబరు కావాల్సి వచ్చింది. ఫియక్రా తన పేరున తీసుకున్నాడు. ఆ చలికాలమే గుండె ఆగి చనిపోయాడు. ఈ కర్రలకు వాడే యాష్ అనే చెట్టు చెక్క, ఆయన పురమాయించింది, వసంతంలో రేవుకు దిగింది. నంబరు మనిషిదే గాని షెడ్డుది కాదని, మనిషితోనే పోయిందని చెప్పి సరుకు గోదాములో ఆపేశారు. అది పచ్చి చెక్క. వెచ్చటి చోట త్వరగా ఆరితే చివర్ల నుంచి చీలుతుంది.

న్యూరీలో ఆటసామాన్ల కొట్టున్న డెస్సీ టోనర్ వచ్చాడు.

"నా నంబరు మీద రేపే విడిపిస్తా తల్లీ. కర్రల మీద మా కొట్టు ముద్ర వేద్దాం. నీ కూలి నీకిస్తా."

"చెక్కేది నేను, పేరు నీదా?"

"పేరు కూడు పెడుతుందా? కొత్త నంబరు వచ్చేలోగా ఆ చెక్క పొయ్యిలోకే పనికొస్తుంది."

"అయితే చలి కాచుకోడానికి రా డెస్సీ. టీ కూడా పోస్తా."

డెస్సీ వెళ్లాక నాకు భయమేసింది. "ఈ ఒక్కసారికి ఒప్పుకో అక్కా" అన్నాను.

"నీ తలుపుల మీద వాడి పేరు రాయిస్తావురా?"

నేను నా షెడ్డుకు తిరిగొచ్చాను.

ఆ సాయంత్రమే బ్రోనా తన పేరున దరఖాస్తు పెట్టింది. చెక్క చివర్లు త్వరగా ఆరకుండా మైనం పూయమని గోదాముకు ఫోన్ చేసింది.

"అది మా పని కాదమ్మా."

"పోనీ, నేనే వచ్చి పూసుకుంటా."

"నంబరుందా?"

ఆమె తిట్టిన తిట్టు నా షెడ్డు దాకా వినిపించింది.

నంబరొచ్చి సరుకు ఇల్లు చేరేసరికి సగం చెక్కలు నోళ్లు తెరిచాయి. డెస్సీ కూడా చూడ్డానికి వచ్చాడు. బ్రోనా చీలిక ఎంత లోతు పోయిందో వేలితో తడిమి, సుద్దతో గీసి, అక్కడికి కోసేసింది. మిగిలిన ముక్క పెద్దవాళ్ల కర్రకు చాలదు. పిల్లల కర్ర చెక్కడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు బొమ్మలు చేస్తున్నావా?" అన్నాడు డెస్సీ.

"ముందు ఆడేది పిల్లలేగా. జరుగు, వెలుతురు ఆపకు."

కర్ర నునుపయ్యాక, కాల్చిన ఇనుముతో దాని మీద తన పేరు వేసింది. డెస్సీ దాన్ని తీసుకుని వంచి చూశాడు. తిరిగి ఇవ్వలేదు.

"ఇలాంటివి ఓ డజను పంపు."

"నీ కొట్టులో నా పేరు కనబడేలా తగిలిస్తేనే" అంటూ బ్రోనా ఇంకో చెక్క అందుకుంది.