జులై ఒకటిన పుట్టినవాణ్ని

అమెరికాలో సాకర్ ఆడి జీతం తీసుకున్న రోజుల్లో నాకు రెండు వయసులుండేవి. పాస్‌పోర్టులో ఇరవై తొమ్మిది, ఒంట్లో ముప్పై ఒకటి. బళ్లో చేర్చేటప్పుడు నాన్నకి నా పుట్టినరోజు గుర్తురాకపోతే, పంతులుగారే జులై ఒకటి అని రాసేసి, ముందుముందు ఉద్యోగానికి పనికొస్తుందని రెండేళ్లు తగ్గించారు. మా వైపు అది మామూలే. ఎనభైల మొదట్లో మా జట్టు యజమాని, ముప్పై దాటినవాడికి మళ్లీ కాంట్రాక్టు లేదన్నాడు. అప్పట్నుంచి ఎవరు నా మొహంలోకి చూసినా నా వయసు ఆరా తీస్తున్నట్టే ఉండేది.

మేం ఆడేది హాల్లో, ఐస్ హాకీ ఆడే మంచు మీద చెక్కలు వేసి పరిచిన పచ్చ తివాచీ మీద. అడుగున నేల ఇనుములా ఉండేది. ఆ సీజన్‌లో నా కుడి మోకాలు వాచింది. కుంటితే ముసలాడంటారని అందరికంటే ముందే వెళ్లి బట్టలు మార్చుకునేవాణ్ని. కోచ్ నోట్‌బుక్‌లో ఏం రాసుకున్నా అది నా గురించే అనుకునేవాణ్ని.

అప్పుడే జట్టుకి కొత్త డాక్టరొచ్చాడు. గుంటూరు మనిషి. నా ఫైలు తిరగేసి పకపకా నవ్వాడు.

"మీదీ జులై ఒకటేనా అండీ! మా మెడికల్ కాలేజీ బ్యాచ్‌లో సగం మంది ఆ రోజే పుట్టారు. నేనూ అంతే లెండి."

అమెరికన్లకి అంతుపట్టని సంగతి మనవాడు ఒక్క నిమిషంలో పట్టేశాడు. ఇన్నాళ్లకి తెలుగు మాట విన్నందుకు సంతోషించాల్సింది పోయి, వీడు ఎవరి మనిషా అని కాపు కాశాను. మర్నాడే యజమానితో కాఫీ తాగుతూ కనిపించాడు. ఇంకేం కావాలి నాకు!

ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చాడు.

"మీ నడక చూశానండీ. మోకాల్లో నీరు చేరినట్టుంది. ఒకసారి క్లినిక్‌కి రండి, ఎక్స్‌రే తీద్దాం. రెండు వారాలు రెస్ట్ తీసుకుంటే సెట్ అయిపోద్ది."

"నాకేం గాలె డాక్టర్ సాబ్. మంచిగనె ఉన్న."

ఎక్స్‌రేలో ఎముకలు చూసి అసలు వయసు చెప్పేస్తారని నా భయం. రెండుసార్లు ఫోన్ చేశాడు, ఇంట్లో లేనని మా ఆవిడతో చెప్పించాను. ఆదివారం గోంగూర పచ్చడి చేస్తున్నాం, భోజనానికి రమ్మన్నాడు. తినిపించి కూపీ లాగుతాడని అదీ ఎగ్గొట్టాను. గోంగూర మీద ప్రాణం పోతున్నా వెళ్లలేదు.

సీజన్ చివరి ఆటలో బంతి కోసం గిరుక్కున తిరిగాను. నేను తిరిగాను గాని కాలు తిరగలేదు. లోపల ఏదో పుటుక్కుమంది.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. ఇక ఆడలేనని ఆయన చెబుతుంటే కూడా నా బుద్ధి అటే పోయింది.

"ఓనర్‌కు నా వయసు జెప్పిన్రా?"

ఆయన విస్తుపోయి చూశాడు. "అయ్యో, నేనెందుకు చెప్తానండీ? మీకు రెండేళ్ల కాంట్రాక్ట్ ఆయన ఎప్పుడో రాయించాడు. మోకాలు బాగుందని నేను సైన్ చేస్తే చాలన్నాడు. అందుకే అన్నిసార్లు రమ్మన్నాను."

అప్పటిదాకా మనసులో వాడు, వీడు అనుకున్న మనిషి చెయ్యి పట్టుకున్నాను.

"గిప్పుడు జెయ్యి అన్నా," అంటూ ఏడ్చాను. "నీకు దండం పెడ్త, గిప్పుడు సైన్ జెయ్యి."

ఆయన చెయ్యి విడిపించుకోలేదు. జేబులోంచి పెన్ను మాత్రం తియ్యలేదు.