తెల్లకారుకు దుర్గమ్మ పెట్టిన బొట్టు

మిర్యాలగూడలోని ఆ రైస్ మిల్లులో బాయిలర్ వెనక ఒకప్పుడు రేకుల షెడ్డు ఉండేది. ఊడ్చే ఆడవాళ్లు, చెరిగే ఆడవాళ్లు మధ్యాహ్నం అక్కడే సద్ది విప్పుకొని, కాసేపు నడుం వాల్చేవారు. పెద్దసేటు పోయాక కొడుకు రవీందర్ ఆ షెడ్డును పీకించాడు. ఆ జాగాలో అద్దాల గది లేపి, ఏసీ పెట్టించి, లోపల ఒక తెల్లకారును నిలబెట్టాడు. ఇటలీలో తయారైన కారు, ఎవరో కొన్నాళ్లు నడిపి అమ్మింది. ఇద్దరే కూర్చోగలరు. దానికి చెమ్మ తగలకూడదని ఏసీ ఆగకుండా నడుస్తుంది. ఆడవాళ్లు ఇప్పుడు ఊక కుప్ప పక్కన కూర్చొని తింటున్నారు. గాలి మళ్లిందంటే అన్నం మీద ఊక దుమ్మే.

ఆ గది నేల తుడిచే పని దుర్గమ్మది. పెన్‌పహాడ్ దగ్గరి పల్లె నుంచి కొత్త కోడలుగా వచ్చిన ఏడాదే ఆమె మిల్లులో చీపురు పట్టింది. పెనిమిటి పోయినా, మోకాళ్లు అరిగినా చీపురు వదల్లేదు. మొన్నటి ఎండాకాలం దగ్గు ఆగకపోతే సూర్యాపేట దవాఖానకు వెళ్లింది.

"దుమ్ముల పని బంద్ జెయ్యమ్మా" అన్నాడు డాక్టరు.

"జేస్త సారూ. బువ్వ మీ ఇంటికాడ పెడ్తరా?" అని గోళీలు కొంగున కట్టుకొని, మర్నాడే పనిలోకి దిగింది.

నేల తుడవాలి గాని కారును ముట్టొద్దు. అది రవీందర్ పెట్టిన కట్టడి. ముట్టొద్దనే మాట దుర్గమ్మకు కొత్తది కాదు. చిన్నప్పుడు ఊళ్లో బావి దగ్గర విన్నదే.

ఒకరోజు ఆమె నేల తుడుస్తుండగానే కోదాడ నుంచి శ్రీధర్ వచ్చాడు. ఇలాంటి పాత కార్లు కొనిపెట్టి, అమ్మిపెట్టే బ్రోకరు.

"మామూలు కారైతే షోరూం గేటు దాటంగానే రేటు పడిపోద్ది రవీందర్ గారూ. ఇది అట్టా కాదు. కంపెనీవాళ్లు చేసిందే కొన్ని. ఈ ఇంజిను ఇంక చేయరు. తిప్పకుండా, గీత పడకుండా ఉంచారనుకోండి, ఏడాదికేడాది పెరుగుద్ది. రంగు మాత్రం కంపెనీ వేసిందే ఉండాల."

దుర్గమ్మ నడుం ఎత్తింది. "తిరగని బండికి రేటు పెరుగుతదా సేటూ? మరి దినాం తిరిగే మా కూలి ఎందుకు పెరగది?"

శ్రీధర్ పకపకా నవ్వాడు. రవీందర్ నవ్వలేదు. "నీ పని నువ్ సూస్కో."

అందులో నవ్వడానికి ఏముంది? పడుకున్న ఇనుముకు ఏటేటా విలువ కడతారు. మిల్లును నడిపిన ఊపిరితిత్తులకు మాత్రం ఎవరూ విలువ కట్టరు.

దసరా వచ్చింది. ఆ రోజు మిల్లులో ఉన్న ప్రతి యంత్రానికీ పసుపు కుంకుమ పెట్టడం పెద్దసేటు కాలం నుంచి దుర్గమ్మ చేతి పని. వడ్లు పోసే హాప్పర్‌కు, తూకం వేసే కాంటాకు, లారీలకు, ట్రాక్టర్‌కు వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చి ఆమె అద్దాల గది ముందు ఆగింది. ముట్టొద్దన్నాడు, నిజమే. కానీ పండుగ పూట అన్నిటికీ పెట్టి ఒక్కదాన్ని వదిలేస్తే దానికి కీడు కదా! ఆ కీడు సేటుకు తగలదా? తలుపు తీసి, ముందు భాగం మీద పసుపు తడిపి మూడు గీతలు లాగి, మధ్యలో కుంకుమ అద్దింది. టైరు కింద నిమ్మకాయ పెడుతుంటే రవీందర్, శ్రీధర్ లోపలికి వచ్చారు.

"ఏం జేసినవే! తుడువ్! జల్ది తుడువ్!" అని రవీందర్ అరిచాడు.

ఆమె హడలిపోయి కొంగుతో గట్టిగా రుద్దింది. పొద్దుటి నుంచి మిల్లంతా తిరిగిన కొంగు అది, నిండా ఊక దుమ్ము. బొట్టు పోయింది, రంగు మీద సన్నటి గీతలు తేలాయి.

శ్రీధర్ వంగి చూసి పెదవి విరిచాడు. "అయ్యయ్యో. మళ్లీ రంగేయిస్తే ఒరిజినల్ కింద లెక్క రాదండీ. రేటు కోసేస్తారు."

"రేపటి సంది పనిల కనబడకు" అన్నాడు రవీందర్. "దీని నుక్సాన్ నీ కూలిల పట్టుకుంట."

"తుడువుమన్నది నువ్వే గద సేటూ!"

"నోర్ముయ్!" అని బయటికి వచ్చి, కారు పాడుచేసింది దుర్గమ్మేనని మిల్లంతా వినేలా చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే దుర్గమ్మ ఎప్పటిలాగే వచ్చింది. వాచ్‌మన్ గేటు దగ్గర ఆపాడు. ఆమె వెనక్కి పోలేదు, అక్కడే నేల మీద చతికిలబడింది. హమాలీల మేస్త్రీ లింగస్వామి సంగతంతా విని, తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు.

"అక్క లోపలికి రానిది ఒక్క బస్తా గూడ లేవది" అన్నాడు.

హమాలీలు కూర్చున్నారు. చెరిగే ఆడవాళ్లూ వచ్చి కూర్చున్నారు. వానాకాలం వడ్ల లారీలు రోడ్డు పొడవునా ఆగి హారన్లు కొడుతున్నాయి. తడి వడ్లు ఎండలో ఉడుకుతున్నాయి. ఇంకాసేపైతే రంగు మారతాయి. ఆ సంగతి రవీందర్‌కు తెలుసు. గేటు దాకా వచ్చాడు.

"సరే, రా. పైసలు గూడ పట్టుకోను. నడువ్."

దుర్గమ్మ లేవలేదు. "నా తప్పని నిన్న అందరికీ చెప్పినవు. తుడువుమన్నదెవరో అది గూడ చెప్పు. గప్పుడొస్త."

రవీందర్ లారీల వంక చూశాడు. కూర్చున్న వాళ్ల వంక చూశాడు. తల దించుకొని ఏదో గొణిగాడు.

"ఇనబడలే" అంది దుర్గమ్మ. "ఇన్నేండ్లు నీ మిల్లు సప్పుడుకు చెవులు మందమైనయ్ సేటూ. జర గట్టిగ చెప్పు."