హిల్కె కణాల పుట్టినరోజు

ల్యాబులో చివరిరోజున మా అక్క హిల్కె చేసింది రోజూ చేసే పనే. గాజు పళ్లెంలోని కణాల మీద కొవ్వు బుడగల నీళ్లు పోసింది. పళ్లేన్ని మంచుముక్కల మీద పెట్టి, వెలుతురు తగలకుండా రేకు కప్పింది. ఆ తర్వాత కాలువ గట్టున సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చింది.

నెదర్లాండ్స్‌లోని మా ఊరు యూట్రెక్ట్‌లో ఏళ్ల తరబడి ఆమె బతుకు ఆ బుడగలతోనే గడిచింది. బుడగ కడుపులో మందు, ఒంటినిండా కంటికి ఆనని కొక్కేలు. ఆ కొక్కేలు జబ్బు కణాన్నే పట్టుకోవాలి, మంచిదాన్ని వదిలెయ్యాలి.

ఈసారి పళ్లెంలో ఉన్నవి ఆమె కణాలే. మార్చిలో అండాశయం గడ్డ తీసినప్పుడు డాక్టర్ని అడిగి చిన్న ముక్క తెచ్చుకుంది. ప్రయోగంగా ఆ బుడగల మందే ఆమెకూ ఎక్కించారు. అది లోపల పనిచేస్తుందా లేదా అన్నదొక్కటే ఇంట్లో మా ఇద్దరి ఆలోచన.

"బుడగలు కణాలకు అంటుకున్నాయే. కళ్లారా చూశాను" అంది ఆ రోజు ఇంటికొచ్చాక. అంతకుమించి చెప్పలేదు.

ఆ వేసవంతా పొట్టమీద వేడినీళ్ల సంచి పెట్టుకునే పడుకుంది.

"ఈ ఉక్కలో ఇదేమిటక్కా, గుడ్లు పొదుగుతున్నావా?" అన్నాను.

"పొదగనీ. ఇంకాస్త వేడిగా తే" అని నవ్వింది.

సెప్టెంబరులో పోయింది.

మరుసటి మార్చిలో, ఆమె పక్క బల్ల దగ్గర పనిచేసే రూలోఫ్ నన్ను ల్యాబుకు రమ్మన్నాడు. వెళ్లేసరికి ఆపిల్ కేకు కోసి ఉంది. ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని, అక్క పుట్టినరోజు శుభాకాంక్షలు అన్నారు. పుట్టినరోజు ఎవరిదైనా ఇంటివాళ్లకూ అలా చెప్పడం మాకు మామూలే. కానీ అక్క పుట్టింది నవంబరులో.

"ఆమె కణాలకండీ. ఇక్కడికొచ్చి ఏడాది" అన్నాడు రూలోఫ్. "పొద్దున్నే మేత పెట్టాను. బాగా పెరుగుతున్నాయి."

చీకటి గదిలో మైక్రోస్కోపు చూపించాడు. నల్లటి చీకట్లో ఒక్కో కణం చుట్టూ ఆకుపచ్చగా మెరిసే వలయం. అవి నన్ను గుర్తుపడతాయేమో అనిపించి ఊపిరి బిగబట్టాను.

"ఆ ఆకుపచ్చ మెరుపు బుడగలదే. మంచు మీద ఉంచితే ఇంతే. బుడగలు అంటుకుంటాయి గానీ కణం మింగదు. మింగాలంటే వెచ్చదనం కావాలి."

వేడినీళ్ల సంచి సంగతి చెప్పాను. రూలోఫ్ మైక్రోస్కోపు దీపం ఆర్పాడు. మనిషి కడుపు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుందని, కణాలు మింగడానికి సంచితో పనే లేదని మెల్లగా అన్నాడు.

"ఆ సంగతి మా అందరికీ నేర్పింది ఆవిడే."